సస్పెన్స్ ఖాతాలో మనుషులు

నెలకోసారి జరిగే మా సంఘం సమావేశానికి ఈమధ్య నలుగురైదుగురు కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లలో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఒకతను నాకొక అమెరికన్ సీరియల్ పేరు కాగితమ్మీద రాసిచ్చాడు. "అంకుల్, మొత్తం 28 ఎపిసోడ్లు. అన్నీ చూశాక కూడా మనుషులు ఎలా మాయమయ్యారో చెప్పడు. దీన్ని మనం మెచ్చుకోవాలా, తిట్టాలా, మీరే తేల్చాలి" అన్నాడు. రిటైరైనవాడికి తీరిక ఎక్కువని కుర్రాళ్ల నమ్మకం. మూఢనమ్మకం కాదు గనక ఖండించలేదు.

సీరియల్ పేరు 'ద లెఫ్టోవర్స్'. మిగిలిపోయినవాళ్లు అనుకోండి. టామ్ పెరోటా 2011లో రాసిన నవల ఆధారంగా, ఆయనా డేమన్ లిండెలాఫూ కలిసి తయారుచేశారు. హెచ్‌బీఓలో 2014 నుంచి 2017 దాకా మూడు సీజన్లు వచ్చింది. కథ ఇదీ: ఒక అక్టోబరు 14న ప్రపంచ జనాభాలో 2 శాతం మంది ఒక్క క్షణంలో మాయమైపోతారు. పేలుడు లేదు, వెలుగు లేదు, శవం లేదు. మొదటి సీన్లో ఒక తల్లి కారులో ఫోన్లో మాట్లాడుతుంటుంది, వెనక సీట్లో ఏడుస్తున్న పసివాడి ఏడుపు ఠక్కున ఆగిపోతుంది. తిరిగి చూస్తే సీటు ఖాళీ. అక్కడినుంచి మూడేళ్లు గడిచాక, మిగిలినవాళ్లు ఎలా బతుకుతున్నారన్నదే సీరియల్. ఇందులో ముగింపు కూడా చెప్పబోతున్నాను. చూడాలనుకునేవాళ్లు చూశాకే చదవండి.

నేను కామర్సు చదివి, రక్షణశాఖ లెక్కల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. 2 శాతం అనగానే చెయ్యి కాలిక్యులేటర్ మీదికి పోయింది. ప్రపంచం మొత్తమ్మీద 14 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశం వాటా దాదాపు 2 కోట్ల 42 లక్షలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 17 లక్షలకు కాస్త తక్కువ. యాభైమంది ఉన్న మా వీధికైతే ఒక్కడు. ఈ చివరి అంకె దగ్గర నేను కాస్త ఆగాను. యాభైకి ఒక్కడంటే వీధి బతికే ఉంటుంది. పాలవాడు వస్తాడు, కరెంటు బిల్లు వస్తుంది. ఆ ఒక్కడి ఇంట్లో తప్ప మిగతా అందరికీ రోజు గడుస్తుంది. సీరియల్‌కి ఆ అంకె ఎంచుకున్నవాడు తెలివైనవాడు.

నన్ను పట్టేసింది మాత్రం మాయమైనవాళ్లు కాదు, ఒక ఫారం. నోరా అనే ఆవిడ భర్తా ఇద్దరు పిల్లలూ ఆ రోజు వంటింట్లో భోజనం బల్ల దగ్గర మాయమయ్యారు. తర్వాత ఆవిడ ప్రభుత్వం కొత్తగా పెట్టిన శాఖలో ఉద్యోగంలో చేరుతుంది. ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్లకి ఆర్థికసాయం మంజూరు చేసేముందు ఇంటికెళ్లి ప్రశ్నలు అడగడం ఆవిడ పని. పోయినవాడి అలవాట్లు, జబ్బులు, స్వభావం, అన్నీ వరసగా. ముఖంలో ఏ భావమూ లేకుండా అడుగుతుంది, రాసుకుంటుంది, కింద సంతకం పెట్టిస్తుంది. మతాచార్యులు, శాస్త్రవేత్తలు, బాబాలు అందరూ వచ్చే ఈ సీరియల్లో నాకు చుట్టంలా కనిపించింది ఆవిడొక్కతే.

ప్రభుత్వ లెక్కల్లో సస్పెన్స్ అని ఒక పద్దు ఉంటుంది. మేజర్ హెడ్ 8658. డబ్బు వచ్చింది, లేదా పోయింది, కానీ ఏ పద్దు కింద రాయాలో తెలియదు, కాగితాలు చాలవు. అలాంటి మొత్తాన్ని తాత్కాలికంగా సస్పెన్స్‌లో వేస్తాం. సంగతి తేలాక అక్కడినుంచి తీసి అసలు పద్దుకి సర్దుబాటు చేస్తాం. చెప్పడానికి తేలికే గానీ కొన్ని అంకెలు అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటిని చూసి ప్రతి ఆడిట్ పార్టీ ఒక పేరా రాసి పోతుంది. మనుషులకీ ఈ పద్దు ఉంది. చనిపోయాడని రాయలేం, ఉన్నాడని రాయలేం. చరిత్రలో ఈ పద్దు పెరిగినప్పుడల్లా దాని చుట్టూ నమ్మకాలు పెరిగాయని నా అనుమానం. అందుకే ఈ వ్యాసం.

ముందు దీనికి ఎదురుగా నిలిచే ఒక లెక్క. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాలో అవిభక్త భారతదేశంలో చనిపోయినవాళ్లు 1.2 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనాలు. అప్పటి జనాభా 31 కోట్ల పైచిలుకు. అంటే నూటికి నలుగురైదుగురు, అదీ ఎక్కువభాగం కొద్ది నెలల్లో. సీరియల్లో ఊహించిన ప్రళయానికి రెండింతలన్నమాట! ఇప్పటి మన దేశ సరిహద్దుల్లో చూస్తే, ఒక జనాభా లెక్కకీ మరో లెక్కకీ మధ్య జనాభా తగ్గిన దశాబ్దం 1911–21 ఒక్కటే. హిందీ కవి నిరాలా ఆ జబ్బుకి భార్యనీ ఇంట్లో మరికొందరినీ పోగొట్టుకున్నాడు. గంగానది శవాలతో నిండిన సంగతి రాసింది ఆయనే. అయినా మా తాతగారి తరంవాళ్ల నోట ఆ జ్వరం మాట నేను ఒకటి రెండుసార్ల కంటే ఎక్కువ వినలేదు. రైల్లో పోయిన ట్రంకుపెట్టె గురించి ఆయన ఎన్నోసార్లు చెప్పాడు.

ఎందుకని? పేదరికం, చదువు లేకపోవడం, తెల్లదొరల నిర్లక్ష్యం, ఇవన్నీ కారణాలే. వాటితోపాటు ఇంకొకటి ఉందనుకుంటాను. జ్వరంతో పోయినవాడు కళ్లెదుటే పోయాడు. మోశారు, కాల్చారు, పూడ్చారు, కుదరకపోతే నదిలో వేశారు. దుఃఖం ఎంత పెద్దదైనా ఖాతా మూసుకుంది. మూసిన ఖాతాని ఎవడూ రోజూ తెరిచి చూడడు.

ఇక మాయమవడం అనే ఊహ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. అమెరికాలో దీనికి రాప్చర్ అని పేరు. ప్రపంచం అంతమయ్యేముందు నిజమైన విశ్వాసుల్ని దేవుడు ఒక్కసారిగా ఆకాశానికి ఎత్తుకుపోతాడని, మిగిలినవాళ్లు కష్టాలు పడతారని. బైబిల్లో థెస్సలొనీకయుల పత్రికలో ఒక వాక్యం దీనికి ఆధారం. అయితే ఇప్పుడు చెప్పుకునే పద్ధతిలో ఈ సిద్ధాంతాన్ని ప్రచారం చేసినవాడు జాన్ నెల్సన్ డార్బీ, 1830ల నుంచి. అంటే రెండు వేల ఏళ్ల మతంలో ఇది రెండు వందల ఏళ్ల కొత్త గది. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు దీన్ని అమెరికాలో ఇంటింటికీ చేర్చింది. 1995లో మొదలైన 'లెఫ్ట్ బిహైండ్' నవలలు ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. మన 'సనాతన' ఆచారాల వయసు అడిగినప్పుడు కూడా సాధారణంగా ఇలాంటి జవాబే వస్తుంది.

లెక్కలవాడిగా నాకు ఇష్టమైన మనిషి మాత్రం విలియం మిల్లర్. న్యూయార్క్ రాష్ట్రంలో రైతు. యువకుడిగా ఉన్నప్పుడు డీయిస్టు, అంటే మనకి దూరపు చుట్టం. 1812 యుద్ధంలో పోరాడి వచ్చాక మతంలోకి తిరిగాడు. దానియేలు గ్రంథంలోని 2300 దినాల్ని 2300 సంవత్సరాలుగా తీసుకుని, క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కబెట్టి, 1843 ప్రాంతంలో క్రీస్తు తిరిగొస్తాడన్నాడు. 1843 వచ్చింది, పోయింది. అప్పుడు ఒక చిన్న సంగతి బయటపడింది. క్రీస్తుపూర్వం 1 తర్వాత వచ్చేది క్రీస్తుశకం 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి ఒక ఏడాది కలపాలి! కూడిక సరిచేసుకున్నారు. సామ్యూల్ స్నో అనే అనుచరుడు ఏకంగా తేదీ కూడా చెప్పాడు, 1844 అక్టోబరు 22. ఆ రోజు వేలాదిమంది ఎదురుచూశారు. తెల్లారింది. దాన్నే చరిత్రలో మహా నిరాశ అంటారు. వోచరే దొంగదైతే కూడిక ఎంత సరిచేసినా ఏం లాభం! చాలామంది ఇళ్లకి పోయారు. కొందరు మాత్రం తేదీ సరైనదేననీ, ఆ రోజు జరిగింది భూమ్మీద కాదు పరలోకంలోననీ సర్దుబాటు పద్దు రాసుకున్నారు. ఆ కొందరిలోంచి 1863లో సెవెన్త్‌డే అడ్వెంటిస్టు చర్చి ఏర్పడింది.

సీరియల్ మూడో సీజన్ ఇలాంటివాళ్లతోనే మొదలవుతుంది. తెల్లబట్టలు కట్టుకుని ఇంటికప్పు ఎక్కి ఆకాశంలోకి చూస్తుంటారు. ఇక్కడొక మాట చెప్పాలి. మిల్లర్ అనుచరులు తెల్లని అంగీలు వేసుకుని కొండలూ కప్పులూ ఎక్కారన్న కథ మన పుస్తకాల్లోనూ చాలాసార్లు వచ్చింది. దానికి గట్టి ఆధారం లేదు, ఎక్కువభాగం అప్పటి పత్రికలు ఎగతాళికి పుట్టించిందేనని చరిత్రకారులు తేల్చారు. నేనే ఒక ఉపన్యాసంలో ఆ అంగీల సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లు ఇప్పుడు వెనక్కి ఇచ్చేస్తున్నాను.

ఇలాంటిదే ఇంకొకటి. షికాగో దగ్గర 1954 డిసెంబరు 21న జలప్రళయం వస్తుందని ఎదురుచూసిన ఒక చిన్న గుంపు మీద ఫెస్టింగర్, మరో ఇద్దరు కలిసి 1956లో రాసిన పుస్తకాన్ని మనం చాలా ఉపయోగించుకున్నాం. జోస్యం తప్పాక వాళ్ల నమ్మకం ఇంకా గట్టిపడిందన్నది దాని సారాంశం. అయితే ఫెస్టింగర్ కాగితాలు బయటికొచ్చాక వాటిని పరిశీలించిన ఒక పరిశోధకుడు, పరిశోధకులే గుంపులో దూరి నాటకాన్ని నడిపించారనీ, జోస్యం తప్పాక గుంపు త్వరలోనే చెదిరిపోయిందనీ 2025లో ప్రచురించాడు. మన వాదనకి అనుకూలమైన వోచర్ని మనం తనిఖీ చెయ్యం. ఎవరి ఆఫీసులోనైనా ఇదే జబ్బు.

సీరియల్లో నాకు బాగా నవ్వొచ్చిన పాత్ర నోరా అన్నగారు, మాట్ అనే పాదిరీ. మాయమైనవాళ్లని దేవుడే తీసుకుపోయాడని అందరూ అంటుంటే, ఈయన ఊరంతా కరపత్రాలు పంచుతాడు. ఫలానావాడు జూదగాడు, ఫలానావాడు లంచగొండి, వీళ్లని దేవుడెలా తీసుకుపోతాడని. ఊళ్లో అందరికంటే కష్టపడి సాక్ష్యాలు సేకరించేవాడు పాదిరీయే! కారణం మాత్రం మన కారణం కాదు. వాళ్లు పుణ్యాత్ములైతే, మిగిలిపోయిన తను ఎవరు? అదీ ఆయన బాధ.

కల్పన వదిలి నిజంగా శవాలు దొరకని కాలానికి వద్దాం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిగుండ్లూ బురదా కలిసి లక్షలమందిని ఆనవాలు లేకుండా చేశాయి. ఫ్రాన్సులో థీప్‌వాల్ స్మారకం మీద ఉన్నవి 72 వేలకు పైగా పేర్లు, అన్నీ సమాధి లేనివాళ్లవే. బెల్జియంలో మెనిన్ గేటు మీద 54 వేలకు పైగా. ఫ్రాన్సులోనే న్యూవ్ షాపెల్ దగ్గర 1927లో కట్టిన స్మారకం మీద 4,700కి పైగా మన సిపాయిల పేర్లున్నాయి. ఇంటికి వెళ్లిన తంతిలో 'మిస్సింగ్' అని ఉండేది. చనిపోయాడనే తంతి కంటే అది ఘోరమని అప్పటి తల్లుల బాధ. 1920 నవంబరు 11న లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పేరు తెలియని ఒక సైనికుడి శవాన్ని రాజలాంఛనాలతో పూడ్చారు. ప్రతి తల్లీ అది తన కొడుకేమోనని అనుకోవచ్చు. లక్షల సస్పెన్స్ పద్దులకి ఒకే సర్దుబాటు వోచరు. అంత గొప్ప వోచరు నేను ఇంకొకటి చూడలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంగ్లండులో ఆత్మలతో మాట్లాడించే వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలైంది. భౌతికశాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ 1915లో యుద్ధంలో పోయిన కొడుకు రేమండ్‌తో మాట్లాడానని మర్నాడే పుస్తకం అచ్చువేశాడన్నట్టు, 1916కల్లా వేసేశాడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. నిజం చెప్పాలంటే ఈ ఇద్దరూ నా వాదనకి కాస్త అడ్డం. రేమండ్‌ది ఆచూకీ లేని చావు కాదు. డాయిల్ కొడుకు చనిపోయింది 1918లో, ఆయన అంతకు ముందునుంచే నమ్ముతున్నాడు. కాకపోతే వాళ్ల పుస్తకాలు కొన్నవాళ్లు, ఉపన్యాసాలకి వచ్చినవాళ్లు ఎవరు? తంతి పట్టుకుని కూర్చున్న ఇళ్లవాళ్లు అందులో లేరంటే నేను నమ్మను.

మన దగ్గర ఆత్మల బల్లలు తక్కువ. మనకి అంజనం ఉంది. ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పక తప్పదు.

1985 ప్రాంతంలో నేను సిపాయిల జీతాల లెక్కలు చూసే ఒక ఆఫీసులో కొత్త ఆడిటర్ని. సెలవు అయిపోయి రైలెక్కిన ఒక జవాను యూనిట్‌కి చేరలేదు. ఆర్మీ చట్టం ప్రకారం ముప్పై రోజులు చూసి విచారణ జరిపి, రాకపోతే పారిపోయినవాడిగా రాస్తారు. అలాగే రాశారు. జీతం ఆగింది. చనిపోయినట్టు కాగితం లేదు గనక కుటుంబానికి పెన్షనూ లేదు. మా జిల్లావైపు ఊరే. తెలుగు వచ్చినవాడినని వాళ్లని నా బల్ల దగ్గరికి పంపారు. ముసలి తల్లి, ఆవిడ వెనక గుమ్మం దగ్గర చంటిపిల్లతో కోడలు.

కోడలికి పెన్షన్ కావాలంటే చనిపోయాడని కోర్టులో తేల్చుకోవాలి, దానికి దరఖాస్తులో ముందు ఇంట్లోవాళ్ల సంతకాలు కావాలి. తల్లి వేలిముద్ర వెయ్యనంది. అంజనం వేయించిందట. తమలపాకు మీద కాటుక పూసి, పిల్లవాణ్ణి చూడమంటే, ఉత్తరాన నీళ్ల పక్కన కొడుకు కనిపించాడట. నేను అప్పటికి సంఘంలో చేరి రెండేళ్లు. కోవూరుగారి పుస్తకాలు తలకెక్కి ఉన్నాయి. ఆఫీసంతా వింటుండగా అంజనం ఎలా మోసమో, పిల్లవాడి నోట మంత్రగాడు మాట ఎలా పలికిస్తాడో పదినిమిషాలు చెప్పాను. చెప్పిందంతా నిజమే. ఆవిడ అంతా విని, "సరే బాబూ, అంజనం అబద్ధం. నువ్వు చదువుకున్నోడివి. మరి ఆడెక్కడున్నాడో నువ్వు చెప్పు" అంది.

నేను ఫైలు మూసేశాను. ఆఫీసులో ఎవరో నవ్వారు. ఎవర్ని చూసి నవ్వారో ఇప్పటికీ నాకు అనుమానమే.

సీరియల్ రెండో సీజన్లో జార్డెన్ అని టెక్సాస్‌లో ఒక ఊరుంటుంది. ఆ ఊళ్లో ఒక్కరూ మాయం కాలేదు. దాంతో అది పుణ్యక్షేత్రమైపోయింది. వెళ్లడానికి పర్మిట్లు, చేతికి బ్యాండ్లు, బయట వంతెన దగ్గర గుడారాల్లో పడిగాపులు, అంతా మనకి తెలిసిన తీర్థమే. అక్కడ జాన్ మర్ఫీ అనే ఒకడు అద్భుతాలేం లేవంటాడు. అంతవరకూ మనవాడే. కానీ హస్తరేఖలు చూసి జోస్యం చెప్పేవాడి ఇల్లు తగలబెడతాడు. అది చూసి ఆ పూటకి టీవీ కట్టేశాను. నేను ఇల్లు తగలబెట్టలేదు. అయినా కట్టేశాను.

ఏడేళ్ల నియమం గురించి కొంచెం చెప్పాలి. మన సాక్ష్య చట్టం 1872లో 108వ సెక్షను, ఏడేళ్లుగా ఆచూకీ లేనివాడు బతికే ఉన్నాడనేవాళ్లే దాన్ని రుజువు చెయ్యాలంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే 111వ సెక్షను. ఈ ఏడేళ్లు ఇంగ్లండునుంచి వచ్చాయి. భర్త ఏడేళ్లు కనిపించకపోతే మళ్లీ పెళ్లాడిన భార్యని శిక్షించకూడదని 1604లో ఒక చట్టం, భూముల కౌళ్ల కోసం 1666లో ఇంకొకటి. సముద్రం మీద పోయినవాడు తిరిగొస్తే ఇంతలో రావాలి, లేదంటే రాడు అన్న అంచనా. ధర్మశాస్త్రాల్లో పన్నెండేళ్లు చూసి, మోదుగాకులతోనో దర్భలతోనో మనిషి బొమ్మ కట్టి దహనం చెయ్యమని ఉంది. సీరియల్లోనూ పూడ్చుకోవడానికి మాయమైనవాళ్ల నిలువెత్తు బొమ్మలు అమ్మే కంపెనీ ఉంటుంది! మన దేశంలో 1939నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం భార్యకి నాలుగేళ్లు చాలంది. ఏడైనా, పన్నెండైనా, నాలుగైనా ఆ అంకెలో సత్యమేమీ లేదు. ఏడేళ్లు నిండిన రోజున ఎవడూ కొత్తగా చావడు. అయినా మనుషులకి ఒక తారీఖు కావాలి. తంతుని మనం కాదంటాం, చట్టాన్ని ఒప్పుకుంటాం. రెండూ చేసే పని ఒకటేనని నాకు ఆలస్యంగా అర్థమైంది.

తారీఖు దొరకనప్పుడు ఏమవుతుందో వియత్నాం యుద్ధం తర్వాత అమెరికాలో చూడొచ్చు. 1973లో 591 మంది ఖైదీలు తిరిగొచ్చారు. రెండున్నర వేలమందికి పైగా లెక్క తేలలేదు. వాళ్లలో కొందరు ఇంకా అడవుల్లో ఖైదీలుగా ఉన్నారన్న నమ్మకం మీద సినిమాలు, విరాళాలు, రాజకీయాలు ఇరవై ఏళ్లు నడిచాయి. జాన్ కెర్రీ అధ్యక్షుడిగా సెనేట్ కమిటీ వేసి, 1993లో ఎవరూ బతికున్నట్టు బలమైన సాక్ష్యం లేదని తేల్చినా చాలామంది ఒప్పుకోలేదు. పాలీన్ బాస్ అనే ఆవిడ 1970లలో అలాంటి పైలట్ల కుటుంబాల్ని చూసే, ఆచూకీ తెలియని నష్టం మామూలు చావుకంటే వేరని ప్రతిపాదించింది. ఆ కుటుంబాలకి పిచ్చి లేదు, వాళ్ల పరిస్థితే తెగనిది అంటుందావిడ. మనకీ 1971 యుద్ధంలో పోయిన 54 మంది లెక్క అలాగే ఉంది. పాకిస్తాన్ తమ దగ్గర లేరంటుంది. 2007లో 14 మంది బంధువులు అక్కడి జైళ్లకి వెళ్లి చూసొచ్చారు. ఎవరూ కనిపించలేదు. కనిపించకపోవడం సాక్ష్యమా కాదా? ఆడిటర్ని అడిగితే నమూనా తనిఖీ అంటాడు. భార్యని అడగండి.

అలాగని ఖాతా మూసెయ్యడమే మంచిదని నేను అనటం లేదు. అర్జెంటీనాలో 1976లో గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వం వేలమందిని ఎత్తుకుపోయి మాయం చేసింది. 1977 నుంచి తల్లులు ప్లాజా ద మాయోలో తెల్ల రుమాళ్లు కట్టుకుని తిరిగారు. చనిపోయినట్టు ప్రకటించుకోండి, పరిహారం ఇస్తాం అంటే వాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. ఎందుకంటే ఎవరు చంపారో చెప్పకుండా చచ్చారని రాస్తే హంతకుడికి రశీదు ఇచ్చినట్టే. విచారణ లేకుండా రైట్ ఆఫ్ చేస్తే దొంగతనం కప్పడిపోతుందని మా శాఖలో మొదటి వారమే నేర్పుతారు. చివరికి 1994లో అక్కడ ఒక చట్టం చేశారు. చనిపోయాడని కాదు, 'బలవంతంగా మాయం చెయ్యబడినవాడు' అనే కొత్త హోదా పెట్టారు. పెళ్లికీ ఆస్తికీ పనికొస్తుంది, అబద్ధం చెప్పదు. పద్దు సరిపోకపోతే కొత్త పద్దు తెరవడం కంటే నిజాయితీ ఏముంటుంది?

ఈ సీరియల్ వెనక న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 ఉందని చాలామంది రాశారు. ట్రేడ్ సెంటర్ దగ్గర పోయినవాళ్లు 2,753 మంది. దాదాపు 1,100 మంది ఆనవాళ్లు ఈరోజుకీ గుర్తుపట్టలేదు. అక్కడ అధికారులు ఏడేళ్లు, మూడేళ్లు అనకుండా కొద్దివారాల్లోనే అఫిడవిట్ల మీద మరణపత్రాలు ఇచ్చారు. మన దగ్గర 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత కొట్టుకుపోయిన యాత్రికుల విషయంలోనూ ఏడేళ్ల కోసం ఆగలేదు. దేవుణ్ణి చూడబోయి పోయారు కదా అని మనవాళ్లు కొందరు అప్పట్లో ఎత్తిపొడిచారు. నేను ఊరుకున్నాను.

ఇక ముగింపు. చివరి ఎపిసోడ్‌లో నోరా ముసలిదై ఆస్ట్రేలియాలో ఒక పల్లెలో పావురాలు పెంచుకుంటూ ఉంటుంది. వెతుక్కుంటూ వచ్చిన కెవిన్‌కి ఒక కథ చెబుతుంది. ఒక యంత్రం ద్వారా తను అవతలివైపుకి వెళ్లిందట. అక్కడివాళ్ల లెక్కలో మాయమైనవాళ్లు 98 శాతం, మనమేనట. తన పిల్లలు అక్కడ సుఖంగా ఉన్నారని దూరంనుంచి చూసి తిరిగొచ్చిందట. యంత్రం చూపిస్తారు గానీ, అవతలి లోకం చూపించరు. ఆవిడ చెప్పడం, కెవిన్ వినడం, అంతే. వినేసి నమ్ముతున్నానంటాడు.

మా కుర్రాడి కోపమంతా అక్కడే. "నమ్మాడంటే ఎలా అంకుల్? ఒక్క సాక్ష్యం లేదు కదా!" అని. నిజమే, లేదు. ఆ క్లెయిము నా బల్ల మీదికొస్తే నేను పాస్ చెయ్యను. ఆవిడ శాఖలో ఉన్నప్పుడు ఆవిడా చేసేది కాదు. కెవిన్ అబద్ధమాడాడని నాకు అనిపించింది. నాకు తెలిసిన గుమాస్తా మెదడుతో ఆలోచిస్తే, అది మంజూరు కాదు, అందినట్టు ఇచ్చిన రశీదు మాత్రమే. కుర్రాడు ఒప్పుకోలేదు. వచ్చే సమావేశంలో చర్చకి పెడదామన్నాడు. పెట్టమన్నాను.

ఆ జవాను కుటుంబం సంగతి అడుగుతారేమో. నేను అదే ఆఫీసులో ఉండగానే కోడలు ఒక్కతే మళ్లీ వచ్చింది. ఏడేళ్లు నిండాక కోర్టుకి వెళ్లి డిక్రీ తెచ్చుకుంది. అత్తగారు కాగితం మీద వేలిముద్ర వెయ్యలేదట, వెయ్యొద్దని కూడా అనలేదట. పిల్ల అప్పటికి బడికి పోతోంది. బకాయిల లెక్క నేనే కట్టాను. పారిపోయినవాడన్న మాట కొట్టేసిన పార్ట్ టూ ఆర్డరు కాపీ ఆవిడకి చదివి వినిపించాను, అది నా పని కాకపోయినా. ఆవిడ సంతకం నేర్చుకుని వచ్చింది. పెన్ను పట్టుకుని సంతకం పెట్టే చోట ఆగింది.

"ఈ కాగితం తీసుకుంటే బొట్టు తీసెయ్యాలా సారూ?" అని అడిగింది.

అలాంటి నిబంధన ఏదీ లేదని చెప్పాను.